కాశీ గ్లాసు... అమెరికా డబ్బా!

నీళ్ళు, మంచు, కాస్త వేడి, బోలెడంత ఒత్తిడి. అంతే... ఏ రసాయనమూ కలపలేదు! గంజాయి పానీయాల డబ్బాల మీద కంపెనీలు ఇప్పుడు గొప్పగా రాసుకుంటున్న మాట ఇది. కాశీలో రాతిమీద నూరే భంగుకీ ఈ డబ్బాకీ చుట్టరికం ఉంది. తేడా కూడా ఉంది. ఆ తేడా తెలియక ఓ పెద్దాయన ఆస్పత్రి పాలయ్యారు.

2024 జూన్. అమెరికాలోని మినియాపొలిస్. మా బావగారు కొడుకు దగ్గరికి వెళ్ళి అప్పటికి పది రోజులు. వరసకు బావే కానీ వయసులో బాగా పెద్ద. తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. పెరట్లో కాసేపు తిరిగొచ్చి ఫ్రిజ్ తెరిచారు. నిమ్మకాయ బొమ్మ ఉన్న డబ్బా కనపడింది. చల్లగా ఉంది, తాగారు. బాగుందనిపించి రెండోదీ తాగారు.

ముప్పావు గంట తర్వాత కోడలు వచ్చేసరికి ఆయన సోఫాలో కూర్చుని గోడ గడియారం వంకే చూస్తున్నారు. 'అమ్మాయ్, ఈ ముల్లు కదలడం లేదేమిటి?' అన్నారు. అది కదులుతూనే ఉంది. మరో పది నిమిషాలకు గుండె దడ మొదలైంది. నోరు ఎండిపోయింది. 'నాకు పక్షవాతము వచ్చినది, మాట పడిపోవుచున్నది' అని స్పష్టంగా, గ్రాంథికంలో చెప్పారట. ఇప్పుడు తలుచుకుంటే అందరం నవ్వుతాం. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

చెత్తబుట్టలో ఖాళీ డబ్బాలు చూశాక కోడలికి విషయం అర్థమైంది. వారాంతంలో స్నేహితులు వచ్చినప్పుడు తెచ్చినవాటిలో మిగిలినవి. ఒక్కో డబ్బాలో 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ. అంటే, గంజాయిలో మత్తెక్కించే పదార్థం. భర్తకు ఫోన్ చేసింది. అంబులెన్సు పిలవాలా, వద్దా? ఆ కుర్రాడు హెచ్1బీ వీసా మీద ఉన్నాడు. గ్రీన్‌కార్డు వరసలో ఏళ్ళ తరబడి నిలబడి ఉన్నాడు. గంజాయి అన్న మాట ఎక్కడైనా కాగితం మీదికి ఎక్కితే? ఆరేడు నిమిషాలు ఇద్దరూ అదే మాట్లాడుకున్నారు. ఆ ఆరేడు నిమిషాల గురించి వాడు ఇప్పటికీ తలదించుకుంటాడు. చివరికి పిలిచారు. ఆయనకు బీపీ ఉంది కాబట్టి రాత్రంతా ఆస్పత్రిలోనే ఉంచుకుని, ఈసీజీలు తీసి, తెల్లవారాక పంపించారు.

ఇంటికొచ్చి కాఫీ తాగుతూ ఆయన అడిగిన మొదటి ప్రశ్న... 'ఒరే, 2009 శివరాత్రికి కాశీలో నేను తాగిందీ ఇదే కదా! పెద్ద గ్లాసుడు తాగాను. నిక్షేపంగా నడిచి బసకొచ్చాను. మరి ఇప్పుడిలా ఎందుకైంది?'

తెలుగు మాస్టారి ప్రశ్నే అయినా జవాబంతా రసాయనశాస్త్రంలో ఉంది. కొంత చట్టంలోనూ ఉంది.

రాతిమీద నూరితే...

కాశీలో గోదౌలియా కూడలి దగ్గర నిలబడితే చాలు, ఠండాయి దుకాణాలు వరసగా కనిపిస్తాయి. బాదంపప్పు, కర్బూజా గింజలు, సోంపు, గసగసాలు, మిరియాలు, ఏలకులు, గులాబీ రేకులు... అన్నీ నానబెట్టి మెత్తగా నూరి చల్లటి పాలల్లో కలిపితే అది సాదా ఠండాయి. చిన్నపిల్లలూ తాగొచ్చు. అందులో 'విజయ' కలిపితే కథ మారుతుంది. భంగుకి భక్తులు పెట్టుకున్న ముద్దుపేరు విజయ. మన హైదరాబాద్ పాతబస్తీలో అయితే ఘోటా అంటారు.

భంగు అంటే గంజాయి మొక్క ఆకు. ఆకును కడిగి, ఉడికించి, పిండి, రాతిమీద వెన్నలా అయ్యేదాకా నూరుతారు. ఎంతసేపు నూరితే అంత మంచిదంటారు కాశీవాళ్ళు. ఆ ఉడికించడం, ఆ నూరడం, ఆ పాలు... మూడూ ఊరికే పెట్టుకున్న తతంగాలు కావు. పచ్చి ఆకులో ఉండేది టీహెచ్‌సీ కాదు, దాని ఆమ్లరూపం. అది మత్తెక్కించదు. వేడి తగిలితేనే అందులో కొంత భాగం టీహెచ్‌సీగా మారుతుంది. ఈ టీహెచ్‌సీకి నీళ్ళంటే పడదు, కొవ్వంటే ప్రాణం. అందుకే చిక్కటి పాలు, బాదంపప్పు. వాటిలోని కొవ్వు దాన్ని పట్టుకుని ఒంట్లోకి మోసుకెళుతుంది. టీహెచ్‌సీ అనేది ఒకటుందని ప్రపంచానికి తెలిసింది 1964లో, ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రఫాయెల్ మెషూలమ్, యెహియెల్ గావోనీ దాన్ని విడదీసి చూపించినప్పుడు. రాతిముందు కూర్చున్నవాళ్ళు అంతకు ఎన్నో తరాల ముందే దాన్ని పాలల్లో దింపుతున్నారు, పేరు తెలియకుండానే!

అలాగని ఆ గ్లాసు అమాయకమైనదేం కాదు. పైన ఆకు, కింద ఆకు, ముదురాకు, లేతాకు... ఒక్కోదాంట్లో ఒక్కో పాళ్ళలో ఉంటుంది మత్తు. ఎవరి గ్లాసులో ఎంత పడిందో పోసినవాడికీ తెలియదు. హోలీ మర్నాడు ఉత్తరాది ఆస్పత్రుల్లో గుండెదడతో, భ్రమలతో చేరేవాళ్ళు ఉంటూనే ఉంటారు. కాకపోతే ఆకులో మత్తు పదార్థం తక్కువ. అసలు సరుకు ఉండేది ఆకులో కాదు, పూతలో.

గానుగ నూనె కథే!

ఆడమొక్క పూతను భూతద్దంలో చూస్తే గుండుసూదుల్లాంటి సన్నని నూగు కనిపిస్తుంది. ఒక్కో సూది తలమీద ఓ జిగురు బొట్టు. మొక్కలోని టీహెచ్‌సీలో అధికభాగం ఆ బొట్లలోనే ఉంటుంది. దాన్ని మొక్కనుంచి వేరుచేయడానికి రెండు దారులున్నాయి.

ఒకటి, ఏదో ఒక ద్రావకంలో కరిగించి తీయడం. బ్యూటేన్ వాయువు, ఆల్కహాల్ లాంటివి పోసి, జిగురు కరిగాక ద్రావకాన్ని ఆవిరి చేస్తారు. వంట గ్యాసు బంధువైన ఆ బ్యూటేన్‌తో ఇంట్లోనే ప్రయోగాలు చేసి ఇల్లు పేల్చుకున్న ఉదంతాలు అమెరికాలో కోకొల్లలు. ఆవిరి చేయడం సరిగ్గా కుదరకపోతే ద్రావకం అందులోనే మిగిలిపోతుంది. మన విశాఖ మన్యంలో, ఒడిశా సరిహద్దులో పోలీసులు తరచూ పట్టుకునే 'లిక్విడ్ గంజాయి' కూడా ఈ తరహా సరుకే. దాంట్లో ఏం పోశారో, ఎంత మిగిలిందో పరీక్షించే నాథుడు ఉండడు.

రెండో దారిలో ద్రావకమే ఉండదు. రాపిడి, జల్లెడ, మంచు, ఒత్తిడి... ఇవే పనిముట్లు. ఇది మనకు కొత్త కాదు. హిమాచల్‌ప్రదేశ్‌లోని మలానా ఊరిపేరు ప్రపంచమంతా తెలిసింది ఇందుకే. అక్కడ పూతను అరచేతుల మధ్య గంటల తరబడి నలుపుతారు. చేతికి అంటుకున్న నల్లటి జిగురే చరస్. (చట్టం కళ్ళకు అది పెద్ద నేరం. ఆ సంగతి తర్వాత.)

ఈ చేతిపనిని యంత్రం చేసిన మనిషి కథ ఇంకా తమాషాగా ఉంటుంది. ఆమె పేరు మిలా యాన్సెన్, డచ్ మహిళ. ఏళ్ళ తరబడి భారతదేశంలో ఉండి, పిల్లలతో ఆమ్‌స్టర్‌డామ్ తిరిగి వెళ్ళింది. ఒకరోజు బట్టలారబెట్టే యంత్రం గిర్రున తిరగడం చూస్తుంటే ఆలోచన తట్టింది... బట్టల బదులు పూత వేసి తిప్పితే నూగు రాలదా? అలా 1990ల్లో ఒక యంత్రం తయారైంది. తర్వాత మంచునీళ్ళ సంచులు వచ్చాయి. బాగా చల్లబడితే ఆ జిగురు బొట్లు పెళుసెక్కి విరిగిపోతాయి. నీళ్ళకంటే బరువు కాబట్టి అడుక్కి దిగుతాయి. ఒకదానికంటే ఒకటి సన్నటి కళ్ళున్న గుడ్డల్లో వడగడితే మిగిలేది జిగురే. 2015 ప్రాంతంలో మరో మలుపు. ఆడపిల్లలు జుట్టు సాపు చేసుకునే వేడి పట్టకారు మధ్య పెట్టి నొక్కితే జిగురు తేనెలా కారుతుందని అమెరికాలో కొందరు కనిపెట్టారు. దానికి 'రోజిన్' అని పేరు. ఇప్పుడు పట్టకార్ల స్థానంలో టన్నుల బరువుతో నొక్కే యంత్రాలు వచ్చేశాయి.

అర్థం కావాలంటే మన గానుగ నూనె గుర్తుతెచ్చుకోండి. గింజల్ని ఒత్తి తీస్తే గానుగ నూనె. చెక్కలో మిగిలిన చుక్కను కూడా రసాయనం పోసి లాగితే సాల్వెంట్ నూనె. మొదటిదానికి వాసనా రుచీ ఎక్కువ, ధర కూడా ఎక్కువ. గంజాయి పానీయాల్లోనూ అంతే. ఎక్కువ కంపెనీలు వాడేది ద్రావకంతో తీసి శుద్ధిచేసిన నూనె. రోజిన్ పోసిన డబ్బా ఖరీదు. అందుకే 'సాల్వెంట్‌లెస్' అనే మాటను పెద్ద అక్షరాల్లో వేస్తారు. చదివినవాళ్ళకు ఇదేదో ఆరోగ్యానికి మంచిదనిపిస్తుంది. మా వాడికీ అలాగే అనిపించింది. కానీ గానుగ నూనైనా అరలీటరు తాగితే ఏమవుతుంది? ద్రావకం లేకపోవడం అంటే ద్రావకం లేకపోవడమే. మత్తు ఎంతుందన్నదానికీ దానికీ సంబంధం లేదు.

ఇక జిగురును నీళ్ళల్లో కలపడం అసలు తలనొప్పి. ఊరికే వేస్తే చారుమీద నెయ్యిలా తేలుతుంది. మొదటి గుక్కలో అంతా పోతుంది, లేదా అడుగున అంటుకుంటుంది. కాశీవాళ్ళు పాలతో చేసిన పనిని ఫ్యాక్టరీ మరోలా చేస్తుంది. తుమ్మజిగురు జాతి పదార్థాలో, నురగనిచ్చే చెట్టుబెరడు సారమో కలిపి, మనిషి చెవికి వినపడని శబ్దతరంగాలతో ఆ నూనెను అతి సూక్ష్మమైన తుంపరలుగా చిలుకుతుంది. వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండవవి. అప్పుడు నీళ్ళల్లో కలిసిపోతుంది. మైనం లాంటి పదార్థాలు ఎక్కువుండే రోజిన్‌తో ఇది మరీ కష్టం. ఇంత చేశాక కూడా, అల్యూమినియం డబ్బా లోపల పూసే ప్లాస్టిక్ పొర ఆ టీహెచ్‌సీని పీల్చేసుకోవడం కంపెనీల నిద్ర చెడగొట్టిన సమస్య. డబ్బామీద రాసిన పదిలో తాగేనాటికి ఎంత మిగిలిందో తెలియని పరిస్థితి! కొత్తరకం పొరలు వెతుక్కోవాల్సి వచ్చింది.

ఏమీ కాలేదే... ఇంకోటి తాగుదాం

పొగ పీలిస్తే నిమిషాల్లో తెలుస్తుంది. తిన్నా తాగినా అలా కాదు. పొట్టలోంచి కాలేయానికి వెళ్ళాలి. అక్కడ టీహెచ్‌సీ మరో రూపంలోకి మారుతుంది. ఆ కొత్త రూపం మెదడులోకి ఇంకా బాగా దూరుతుంది. దీనికంతటికీ అరగంట నుంచి రెండు గంటలు పట్టొచ్చు. ఒకసారి ఎక్కితే ఆరేడు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు దిగదు. ఆలోపు మనిషి ఏమనుకుంటాడు? ఏమీ కాలేదే అనుకుంటాడు. ఇంకో గ్లాసు పోయించుకుంటాడు. హోలీ ప్రమాదాలన్నీ దాదాపు ఆ రెండో గ్లాసులోనే ఉంటాయి. సూక్ష్మ తుంపరల డబ్బాలు దీనికంటే త్వరగా పనిచేస్తాయని చెబుతారు. అయినా సారా, బీరుల్లా గుక్కగుక్కకీ తెలిసే వ్యవహారం కాదు.

అలవాటులేనివాళ్ళకు రెండున్నర మిల్లీగ్రాములే ఎక్కువ కావచ్చని ఆ దేశాల వైద్యులే హెచ్చరిస్తారు. కెనడా 2018 అక్టోబరులో గంజాయిని చట్టబద్ధం చేసింది. ఏడాది తర్వాత తినుబండారాలకూ పానీయాలకూ తలుపు తెరిచినప్పుడు ప్యాకెట్టుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదని గీత గీసింది. మా బావగారు తాగింది 20. అదీ ఖాళీ కడుపుతో, బీపీ మాత్ర వేసుకుని.

ఆయన పెద్దాయన కాబట్టి బయటపడ్డారు. ఆ ఫ్రిజ్ తెరిచింది నాలుగేళ్ళ మనవడైతే? ఇది ఉత్త భయం కాదు. అమెరికాలో ఆరేళ్ళలోపు పిల్లలు గంజాయి కలిపిన తినుబండారాలు పొరపాటున తినేసిన కేసులు విషప్రమాద కేంద్రాలకు 2017లో వచ్చినవి 207. 2021లో 3,054! నాలుగేళ్ళలో దాదాపు పదిహేను రెట్లు. చాక్లెట్‌లా, జెల్లీలా, నిమ్మసోడాలా కనిపించేదాన్ని పిల్లాడు ఎందుకు వదిలేస్తాడు?

ఆకు వేరు, పూత వేరు

మళ్ళీ మన దేశానికొద్దాం. భంగు నిషేధించాలా వద్దా అన్న ప్రశ్న బ్రిటిష్‌వాళ్ళనూ వేధించింది. 1893లో ఓ కమిషన్ వేశారు. వెయ్యిమందికి పైగా సాక్షుల్ని విచారించి, 1894లో ఏడు సంపుటాల నివేదిక ఇచ్చింది. మితంగా వాడితే పెద్దగా హాని కనిపించడం లేదు, అతి అయితే హానే, నిషేధం మాత్రం వద్దు... ఇదీ సారాంశం. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం గంజాయిని నిర్వచిస్తూ పూత లేని ఆకును, గింజను పక్కన పెట్టింది. 1985లో మనం చేసుకున్న మాదకద్రవ్యాల చట్టం, అదే ఎన్‌డీపీఎస్, ఆ దారినే పోయింది. జిగురు అయితే చరస్, పూత అయితే గంజాయి. రెండూ నేరం. విడి ఆకు ఆ చట్టంలోకి రాదు. దాని సంగతి రాష్ట్రాల ఎక్సైజు శాఖలకు వదిలేశారు. ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో లైసెన్సు ఉన్న భంగు దుకాణాలు ఉండటానికి కారణం ఇదే. మన రెండు రాష్ట్రాల్లో అలాంటివి కనిపించవు.

ఆ చట్టంలోనే ఓ చిన్న మాట ఉంది, చాలామంది గమనించరు. జిగురు, పూత, వాటి మిశ్రమం మాత్రమే కాదు... వాటితో తయారుచేసిన 'ఏ పానీయమైనా' సరే నేరమే. అంటే కాశీ గ్లాసులో పడింది ఆకైతే ఒక లెక్క, అమెరికా డబ్బాలో పడిన జిగురు మరో లెక్క. 'అక్కడ షాపులో బిల్లిచ్చి అమ్మారండీ' అని శంషాబాద్ విమానాశ్రయంలో చెప్పినా ఉపయోగం ఉండదు. చరస్ విషయంలో 100 గ్రాముల లోపు చిన్న మోతాదు. కిలో దాటితే వాణిజ్య మోతాదు, కనీసం పదేళ్ళ జైలు. 2020లో సుప్రీంకోర్టు, మత్తుమందును మరో పదార్థంలో కలిపితే ఒక్క మందు బరువే కాదు, మొత్తం మిశ్రమం బరువు లెక్కించాలని చెప్పింది. డబ్బాలో పట్టేది 355 మిల్లీలీటర్లు. లాయరు దగ్గర తేల్చుకోవాల్సిన విషయమే అయినా, సరదాకి సూట్‌కేసులో మూడు డబ్బాలు పడేసుకునే కుర్రాళ్ళు ఈ అంకెలు ఒకసారి చూసుకోవడం మంచిది.

సరదాలు ఇక్కడా ఉన్నాయి. 2025 హోలీ రోజున ధూల్‌పేటలో ఎక్సైజు పోలీసులు పట్టుకున్నవి ఏమిటో తెలుసా? గంజాయి కలిపిన కుల్ఫీలు, బర్ఫీలు!

ఇక మా వాడి భయం. అది పూర్తిగా పిచ్చిభయం కాదు. అమెరికాలో రాష్ట్రాలు ఎన్ని అనుమతులిచ్చినా కేంద్ర చట్టం కింద గంజాయి నిషిద్ధమే. వీసాలూ పౌరసత్వమూ చూసేది కేంద్రం. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయితో సంబంధం ఉంటే పౌరసత్వానికి కావలసిన 'సత్‌ప్రవర్తన'కు అడ్డు రావచ్చని అక్కడి ఇమిగ్రేషన్ శాఖ 2019లోనే స్పష్టం చేసింది. కేసు లేకపోయినా, అధికారి అడిగినప్పుడు ఒప్పుకున్న మాటే మెడకు చుట్టుకోవచ్చు.

మరి మినియాపొలిస్‌లో షాపులో ఎలా అమ్ముతున్నారు? అది 2018 నాటి వ్యవసాయ చట్టం చలవ. బరువులో 0.3 శాతానికి మించి టీహెచ్‌సీ లేకపోతే ఆ మొక్క గంజాయి కాదు, జనుములాంటి నారమొక్క అంది ఆ చట్టం. మొక్కకు వేసిన లెక్కను డబ్బాకు వేశారు వ్యాపారులు. 355 గ్రాముల నీళ్ళలో 0.3 శాతం అంటే ఒక గ్రాము పైనే, వెయ్యి మిల్లీగ్రాములు! పది కలపడానికి అడ్డేముంది? 2022 జులైలో మినెసోటా ఈ పానీయాలకు కొలతలు పెట్టి అనుమతించింది. 2025 నవంబరులో అమెరికా పార్లమెంటు ఆ కన్నం పూడ్చుతూ, డబ్బా మొత్తానికి 0.4 మిల్లీగ్రాములే ఉండాలని, ఏడాది గడువుతో చట్టం చేసింది. చట్టాలు ఇంత వేగంగా అటూ ఇటూ దొర్లుతుంటే, ఫ్రిజ్‌లో డబ్బా ఏ రోజు ఏ వైపు ఉంటుందో ఎవరు చెప్పాలి?

మా వాడు తర్వాత ఇమిగ్రేషన్ లాయర్ని కలిశాడు. తండ్రి పొరపాటున తాగి ఆస్పత్రికి వెళ్ళినందుకు కొంప మునగదని ఆయన ధైర్యం చెప్పాడట. ఇంట్లో మాత్రం ఇక ఆ డబ్బాలు లేవు.

మాస్టారి ప్రశ్నకు జవాబు మాత్రం సగమే దొరికింది. ఆకులో మత్తు తక్కువ, నిజమే. అయినా పెద్ద గ్లాసు తాగి నిక్షేపంగా నడిచి రావడం నాకెక్కడో నమ్మబుద్ధి కాలేదు. ఆయన తిరిగొచ్చాక, 2009లో కాశీ యాత్రకు కూడా వెళ్ళిన తోటి మాస్టారొకాయన చూడ్డానికి వచ్చారు. ఈ కథంతా విని, చాలాసేపు నసిగి, చివరికి బయటపెట్టారు. 'మీకు బీపీ ఉందని అప్పుడే తెలుసు కదండీ. దుకాణం వాడికి సైగ చేసి మీకు సాదాది పోయించాం. మేం తాగిందే అసలుది.'

పదిహేనేళ్ళుగా కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్న గొప్ప అది. బావగారు ఆ పెద్దమనిషితో రెండు వారాలు మాట్లాడలేదు.